మిద్దె మీద నుంచి అంగారకుడి దాకా: పిల్లలకు పక్క గ్రహాన్ని పరిచయం చేయడం ఎలా?

నెల్లూరు పిల్లలకు ఒక అదృష్టం ఉంది. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మన మిద్దె మీద నిలబడి చూడొచ్చు. దేశంలో చాలామంది పిల్లలకు టీవీలో తప్ప దొరకని దృశ్యం అది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, ఆ నిప్పుచుక్క మాత్రం ఇప్పటికీ మన దక్షిణపు ఆకాశంలోనే లేస్తుంది. 2013 నవంబర్ 5న మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలకు అంగారకుడికి బయల్దేరిన ఇస్రో వ్యోమనౌక మంగళయాన్ కూడా అక్కడి నుంచే పోయింది.

మా అన్న పిల్లలు వేసవి సెలవులకు మా ఇంటికి వస్తారు. పెద్దది ఐదో తరగతి, చిన్నోడు రెండు. గ్రహాల పేర్లు చెప్పమంటే పెద్దది ఎనిమిదీ గడగడా అప్పజెప్పింది. "సరే, అంగారకుణ్ణి చూపించు" అంటే తెల్లమొహం వేసింది. "అది పుస్తకంలో గదా ఉండేది అత్తా" అంది. ఆ మాట నన్ను చాలారోజులు వదల్లేదు. అప్పటి నుంచి నేను పట్టుకున్న పద్ధతి ఒకటే: ముందు కన్ను, చెయ్యి, కాలు. పేర్లూ లెక్కలూ ఆ తర్వాత. కింద చెప్పేవన్నీ మా పిల్లలతో చేసి చూసినవే. ఒక్కరోజులో అన్నీ చేయొద్దు, సెలవులంతా సాగనివ్వండి.

ముందు రాకెట్ చూపించండి

ప్రయోగం తేదీ, సమయం ఇస్రో ముందుగానే ప్రకటిస్తుంది. పది నిమిషాల ముందే మిద్దె ఎక్కండి. నెల్లూరు నుంచి దక్షిణానికి తిరిగి, కొంచెం తూర్పుకు చూడాలి. నేరుగా గీత గీస్తే 80 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఫోన్లో లైవ్ పెట్టుకుని పిల్లలతో అంకెలు వెనక్కి లెక్కపెట్టించండి. సున్నా అనగానే ఏమీ కనపడదు, చెట్లూ ఇళ్లూ అడ్డం. ఈ సంగతి ముందే చెప్పకపోతే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. అర నిమిషం దాటాక నారింజ రంగు చుక్క ఒకటి పైకొచ్చి, మెల్లగా సముద్రం వైపు వంగుతుంది.

"ఎందుకు వంగింది?" అని వాళ్లే అడుగుతారు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది, అటువైపే విసిరితే ఆ వేగం కూడా కలిసొస్తుంది. పైగా కింద బంగాళాఖాతం. పని అయిపోయి రాలిపోయే దశలు జనం మీద కాకుండా నీళ్లలో పడతాయి. మన తీరాన్ని ఏరుకోవడానికి ఇవి రెండూ పెద్ద కారణాలు.

పెద్దపిల్లలకు ఒక లెక్క ఇవ్వండి: శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, మరి ఆ ఉరుము మన దాకా రావడానికి ఎంతసేపు? నాలుగు నిమిషాలు. అంత దూరం వచ్చేసరికి వినపడకపోవచ్చు కూడా. అయినా మా పెద్దది వాచీ పట్టుకుని నాలుగు నిమిషాలూ ఊపిరి బిగపట్టి నిలబడింది.

పంచాంగం తీయండి

అంగారకుణ్ణి వెతకడానికి టెలిస్కోపు అక్కర్లేదు. ఇంట్లో పంచాంగం ఉంటే చాలు. కుజుడు ఏ రాశిలో ఉన్నాడో అందులో ఉంటుంది. కుజుడన్నా, మంగళుడన్నా, అంగారకుడన్నా ఒకరే. మంగళవారానికి పేరిచ్చింది ఆయనే. తాతయ్యను కూర్చోబెట్టి పిల్లలతో ఆ పేజీ చదివించండి. పెద్దవాళ్లకు తెలిసిన విద్యా, పిల్లలు నేర్చుకునే విద్యా ఒకచోట కలిసే సందర్భం ఇది, దీన్ని వదులుకోవద్దు. ఎవరో ఒకరు కుజదోషం మాట ఎత్తుతారు. మా చిన్నోడు "కుజుడు చెడ్డోడంట గదా?" అని భయంగా అడిగాడు. "పద, చూసొద్దాం" అని పైకి తీసుకుపోయాను. చూసిన తర్వాత ఆ భయం మళ్లీ రాలేదు.

గుర్తుపట్టడం ఇలా. లేత ఎరుపు, నిప్పుకణిక మీద బూడిద పట్టినట్టు ఉంటుంది. నక్షత్రంలా మినుకు మినుకుమనదు, నిలకడగా వెలుగుతుంది. వృషభరాశిలో రోహిణి, వృశ్చికరాశిలో జ్యేష్ఠ కూడా ఎర్రగానే ఉంటాయి కాబట్టి పొరబడే వీలుంది. కాసేపు కన్నార్పకుండా చూస్తే అవి మినుకుమంటాయి.

అన్ని నెలల్లోనూ ఒకేలా కనపడదు. సుమారు 26 నెలలకొకసారి భూమికి దగ్గరికొచ్చి బాగా వెలుగుతుంది, మధ్యలో మసకబారుతుంది. ఈసారి 2027 ఫిబ్రవరి 19 చుట్టుపక్కల వస్తోంది. ఆ రోజుల్లో పొద్దుగూకే వేళకు తూర్పున, సింహరాశిలో మఖ నక్షత్రానికి దగ్గర్లో లేచి, రాత్రంతా ఉంటుంది. ఇప్పుడే క్యాలెండర్ మీద రాసుకోండి.

ఒక నోటుపుస్తకం పెట్టి ప్రతి మంగళవారం రాత్రి పక్క నక్షత్రాలతో సహా ఆ చుక్కను గీయించండి. నాలుగైదు వారాలకు అది జరుగుతోందని పిల్లలకే తెలుస్తుంది. భూమికి దగ్గరికొచ్చే రోజుల్లో అయితే వెనక్కి నడుస్తుంది కూడా. పంచాంగంలో వక్రగతి అనేది దీన్నే. నిజానికి అది వెనక్కి పోదు. హైవే మీద మన బస్సు లారీని దాటేటప్పుడు ఆ లారీ వెనక్కి పోతున్నట్టు ఉంటుంది చూడండి, అదీ అంతే. దాటుతున్న బస్సు మన భూమి.

మబ్బు పట్టిన రాత్రులకు ఒక ఉపాయం. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పరిచిన ఇల్లయితే లైట్లు తీసి టార్చి ఏటవాలుగా వేయండి. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరుస్తాయి. ఒక రాగిబిళ్లను అంగారకుడనుకుని ఆ చుక్కల మధ్య వారానికింత జరపమనండి. నోటుపుస్తకంలో గీసింది నేల మీద నడుస్తుంది.

నిమ్మకాయ, రేగిపండు, శనగగింజ

భూమిని నాలుగు సెంటీమీటర్ల నిమ్మకాయ అనుకోండి. చంద్రుడు శనగగింజ, అంగారకుడు ఓ మోస్తరు రేగిపండు. అడ్డంగా కొలిస్తే మన భూమి 12,742 కిలోమీటర్లు, అంగారకుడు 6,779, అంటే సగానికి కాస్త ఎక్కువ. శనగగింజను నిమ్మకాయకు ఎంత దూరంలో పెట్టాలో ముందు పిల్లల్నే పెట్టమనండి. అందరూ జానెడు దూరంలో పెడతారు. నిజానికి 120 సెంటీమీటర్లు. మరి రేగిపండు? అంగారకుడు మనకు అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా ఐదున్నర కోట్ల కిలోమీటర్లు, ఈ కొలతలో 170 మీటర్లు. రేగిపండు చేతికిచ్చి నడవమనండి. మా వీధి చివర పాలబూత్ దాటి నిలబడాల్సి వచ్చింది. అదే దూరంగా ఉన్నప్పుడు 40 కోట్ల కిలోమీటర్లు, మన లెక్కలో కిలోమీటరుకు పైనే. ఇది చెప్పడం వేరు, ఎండలో నడిచి చూడటం వేరు.

మైపాడు ఇసుకలో తాడాట

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇది. సముద్రపు ఒడ్డున గట్టి ఇసుక ఉన్నచోట చేయండి. మధ్యలో ఒక కర్ర పాతి సూర్యుడనండి. తాడు కట్టి రెండు బారల దూరంలో ఒక వలయం, మూడు బారల దూరంలో ఇంకో వలయం గీయండి. లోపలిది భూమి దారి, బయటిది అంగారకుడి దారి. ఇద్దరు పిల్లల్ని పక్కపక్కనే నిలబెట్టండి. మీరు ఒక్కో చప్పట కొట్టినప్పుడల్లా భూమి ఐదు అంగలు, అంగారకుడు నాలుగు అంగలు వేయాలి. భూమి సెకనుకు 30 కిలోమీటర్లు, అంగారకుడు 24 పోతాయి, అందుకే ఈ ఐదూ నాలుగూ.

మొదటి చుట్టు భూమి తొమ్మిది చప్పట్లకు పూర్తి చేస్తుంది. అప్పటికి అంగారకుడు సగం దారి కాస్త దాటి ఉంటాడు. మన ఏడాది 365 రోజులు, అక్కడి ఏడాది 687. ఆగకుండా నడిపిస్తే ఇద్దరూ మళ్లీ పక్కపక్కకు వచ్చేది ఇరవై చప్పట్లకు అటూ ఇటూగా, అంటే భూమి రెండు చుట్లు దాటాక. ఆ 26 నెలల లెక్క మీరు చెప్పనక్కర్లేదు, వాళ్ల కాళ్లే చెబుతాయి.

ఇప్పుడు భూమి చేతికి ఒక బంతి ఇచ్చి, నడుస్తూనే అంగారకుడికి వేయమనండి. అంగారకుడు ఉన్నచోటికి వేస్తే తప్పిపోతుంది. రాబోయే చోటికి వేయాలి. మంగళయాన్ సరిగ్గా అలాగే పోయింది. అందుకే 65 కోట్ల కిలోమీటర్లకు పైగా తిరిగి తిరిగి వెళ్లింది. 2013 చివరి ఆ రోజులు తప్పితే 2016 దాకా ఆగాల్సి వచ్చేది.

వడిసెల

కనిగిరి వైపు మా అమ్మమ్మగారి ఊళ్లో జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టల్ని తోలేవాళ్లు. రాయి పెట్టి ఒకటి, రెండు, మూడు చుట్లు తిప్పి వదిలితే దూసుకుపోయేది. మంగళయాన్ కథకు దీనికి మించిన పోలిక నాకు దొరకలేదు. గుడ్డలో మెత్తటి బంతి మూటగట్టి, ఖాళీ మైదానంలో, మిగతా పిల్లల్ని దూరంగా నిలబెట్టి, మీరే తిప్పి చూపించండి. రాయి వద్దు.

అంగారకుడి దాకా ఒక్క ఊపులో విసిరే బలం మంగళయాన్‌ను మోసుకుపోయిన రాకెట్ పీఎస్‌ఎల్‌వీకి లేదు. అందుకని ముందు భూమి చుట్టూ కోలగా ఉన్న దారిలో పెట్టింది. ఒక కొస 250 కిలోమీటర్ల దగ్గర, ఇంకో కొస 23,500 దగ్గర. మంగళయాన్ భూమికి దగ్గరగా వచ్చినప్పుడల్లా ఇంజిన్ మండించి వేగం పెంచుతూ పోతే, దూరపు కొస 1,92,000 కిలోమీటర్ల దాకా సాగింది. డిసెంబర్ 1 తెల్లవారకముందు చివరి ఊపు ఇచ్చి వదిలారు. పెద్దపిల్లలకు ఒక తేడా చెప్పండి: వడిసెలలో తాడు వదిలేస్తాం, అక్కడ భూమి ఆకర్షణ అనే తాడు ఎప్పుడూ ఉంటుంది. అది పట్టి ఆపలేనంత వేగం ఇవ్వడమే కిటుకు.

తుప్పు, అయస్కాంతం

అంగారకుడు ఎర్రగా ఉండటానికి కారణం తుప్పు. లేత్ షాపులో గుప్పెడు ఇనుప రజను అడగండి, ఇస్తారు. ఇసుకలో కలిపి, ఉప్పునీళ్లు చల్లి, పళ్లెంలో ఆరుబయట పెట్టండి. రజనును పిల్లలు ఉత్త చేత్తో పట్టుకోకూడదు, గుచ్చుకుంటుంది. రెండు మూడు రోజులకు ఆ పళ్లెం ఎర్రబడుతుంది. "అయితే మన గేటూ అంగారకుడూ ఒకటే రంగా అత్తా?" అని అడిగాడు మా చిన్నోడు. అవును నాయనా, ఒకటే.

సముద్రానికి పోయినప్పుడు పాత స్పీకరులోని అయస్కాంతం ఒకటి పట్టుకుపోండి. నేరుగా ఇసుకలో పెడితే అంటుకున్నవి మళ్లీ ఊడిరావు. ప్లాస్టిక్ కవరులో వేసి పొడి ఇసుక మీద లాగండి. కవరు అడుగున నల్లటి రేణువులు మీసాల్లా నిక్కబొడుచుకుంటాయి. తెల్లకాగితం మీదికి తెచ్చి, కవరులోంచి అయస్కాంతం తీసేస్తే గలగలా రాలతాయి. ఇనుమున్న ఖనిజాలవి. స్పిరిట్, ఆపర్చునిటీ అనే రోవర్లు (నేల మీద తిరిగే యంత్రపు బండ్లు) 2004లో అంగారకుడి మీద దిగినప్పుడు వాటికీ ఇలాంటి అయస్కాంతాలే బిగించి పంపారు, అక్కడి ధూళి పట్టి చూడటానికి.

పెన్నలో నిలబడి

ఇక అసలైన సంగతి. వేసవిలో పెన్న ఎండిపోయి ఇసుక మేటలు బయటపడినప్పుడు పిల్లల్ని తీసుకుపొండి. పొద్దున్నే పోండి, ఇసుక తవ్విన గుంతలున్న వైపు పోవద్దు, నీళ్లున్న మడుగుల దరిదాపుల్లోకి పోనివ్వొద్దు. అక్కడ నిలబెట్టి ఒకే ప్రశ్న అడగండి: "ఇప్పుడు ఇక్కడ నీళ్లు లేవు. ఒకప్పుడు పారాయని నీకెట్లా తెలుసు?"

"అందరికీ తెలుసు గదా" అంటారు. "నువ్వు ఈ ఊరికి కొత్త, నీకెవరూ చెప్పలేదు, మరి?" అని మళ్లీ అడగండి. అప్పుడు మొదలవుతుంది వెతుకులాట. మా పెద్దది ముందు ఇసుక మీద అలల గీతలు చూపించింది. తర్వాత పలకల్లా బీటలువారిన ఒండ్రు. చివరికి చిన్నోడు ఒక గులకరాయి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. గోధుమరంగు, కోడిగుడ్డంత, ఎక్కడా కోణం లేదు. గుట్ట మీద విరిగిపడిన రాయి పక్కన పెట్టి రెండూ తడమమన్నాను. ఒకటి గుచ్చుకుంటోంది, ఒకటి జారిపోతోంది. ఎవరు నున్నగా చేశారు? కొట్టుకుపోతూ, దొర్లుతూ, ఒకదాన్నొకటి రాసుకుంటూ అరిగింది. నీళ్లు తప్ప ఇంకెవరూ ఆ పని అంత ఓపిగ్గా చేయరు.

సరిగ్గా ఇలాంటి రాళ్లే అంగారకుడి మీదా దొరికాయి. క్యూరియాసిటీ రోవర్ 2012 ఆగస్టులో గేల్ బిలం అనే పెద్ద గుంతలో దిగింది. కొద్ది వారాలకే ఒక రాతిపొర ఫోటో పంపింది. అందులో సిమెంటులో కంకర కలిపినట్టు గుండ్రటి గులకరాళ్లు. గాలికి కొట్టుకొచ్చేంత చిన్నవి కావవి. వాటి పరిమాణం చూసి, అక్కడ చీలమండ లోతు నుంచి తుంటి లోతు దాకా నీళ్లు పారి ఉంటాయని శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. ఇది చెప్పాక మా చిన్నోడు ఆ రాయిని జేబులోంచి తీయలేదు. వాడి చేతిలో ఉన్నది సాక్ష్యం మరి.

ఇంటికొచ్చాక ఒక వెడల్పాటి బేసిన్ ఏటవాలుగా పెట్టి, పై సగంలో ఇసుక పోసి, కింది సగంలో నీళ్లు నిలపండి. చెంబుతో పైనుంచి సన్నటి ధారగా పోయమనండి. ఇసుకను కోసుకుంటూ వచ్చిన ధార, నిలవ నీళ్లలో కలిసేచోట తెచ్చిందంతా విసనకర్రలా పరిచేస్తుంది. ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలిసే చోట వేలయేళ్లుగా జరిగిందిదే. మన వరిచేలు ఆ ఒండ్రు మీదే పండుతున్నాయి. అంగారకుడి మీద జెజెరో అనే 45 కిలోమీటర్ల వెడల్పు బిలంలోనూ అలాంటి విసనకర్రే ఉంది. ఒక నది అక్కడి సరస్సులో కలిసిన చోటు. అందుకే పర్సెవరెన్స్ రోవర్‌ను 2021 ఫిబ్రవరి 18న అక్కడే దించారు. ఆ రెండు ఫోటోలూ, అంటే పెన్న డెల్టా ఉపగ్రహ చిత్రం, జెజెరో చిత్రం, ఫోన్లో పక్కపక్కన పెట్టి చూపించండి.

"మరి ఆ నీళ్లేమైపోయాయి?" అనే ప్రశ్నకు సూటిగా జవాబివ్వండి. ఆ గ్రహానికి కాపుగా ఉన్న అయస్కాంత క్షేత్రం ఎప్పుడో పోయింది. దాంతో సూర్యుడి నుంచి వచ్చే కణాల గాలి అక్కడి వాతావరణాన్ని కొద్దికొద్దిగా ఊడ్చేసింది. ఇప్పుడున్న గాలి మన గాలిలో వందో వంతు కూడా లేదు, అందులోనూ ఎక్కువ భాగం బొగ్గుపులుసు వాయువే. కొంత నీరు ధ్రువాల దగ్గరా, నేల అడుగునా మంచుగా మిగిలింది. మనుషులు లేరు. ఎప్పుడైనా చిన్న జీవులుండేవా అన్నది ఇంకా వెతుకుతున్నారు. ఆ వెతికేవాళ్లలో నువ్వూ ఉండొచ్చని పిల్లకు చెప్పండి. మంగళయాన్ నడిపినవాళ్లలో రీతూ కరిధాల్, నందిని హరినాథ్ లాంటి ఆడవాళ్లు ఉన్నారని ఆడపిల్లలకు తప్పకుండా చెప్పండి.

చీటీల ఆట

ఇది ఇంట్లోనే. ఒక బిడ్డ కళ్లకు గంత కట్టి హాల్లో నిలబెట్టండి, అది రోవర్. ఇంకో బిడ్డ వంటింట్లో కూర్చుని చీటీ మీద ఆజ్ఞ రాయాలి: "మూడు అడుగులు ముందుకు, కుడికి తిరుగు." మీరు ఆ చీటీ పట్టుకుని మూడు నిమిషాలు ఊరికే నిలబడి, తర్వాత పోయి చదవండి. ఏం జరిగిందో చెప్పడానికి మళ్లీ మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలు పిల్లలకు నరకం. మా రోవర్ మొదటిసారే చెప్పుల స్టాండుకు తగిలింది, ఆ కబురు వంటింటికి చేరేసరికి చెప్పులన్నీ నేల మీదున్నాయి. నిజంగానైతే మాట అంగారకుడికి చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. 2014 సెప్టెంబర్ 24న మంగళయాన్ అక్కడికి చేరినప్పుడు ఒక్కో కబురుకూ 12 నిమిషాలకు పైగా పట్టింది. దాదాపు 300 రోజులు నిద్రపోయిన పెద్ద ఇంజిన్ సరిగ్గా వేళకు మండాలి, అదీ తనంతట తానే. అందుకే ఆజ్ఞలన్నీ ముందే ఎక్కించి ఉంచారు. రెండో ఆటలో మా పెద్దది కూడా అదే చేసింది, పది ఆజ్ఞలు ఒకే చీటీ మీద రాసి పంపింది.

శ్రీహరికోట ప్రయాణం

ఇవన్నీ అయ్యాక తీసుకుపోండి, ముందు కాదు. ప్రయోగాలు చూడటానికి శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌లో గ్యాలరీ ఉంది. ఇస్రో వెబ్‌సైట్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి, డబ్బులేమీ కట్టనక్కర్లేదు. సీట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి ప్రకటన వచ్చిన రోజే కూర్చోండి. పెద్దవాళ్లు గుర్తింపు కార్డు మర్చిపోవద్దు. రైల్లో అయితే సూళ్లూరుపేటలో దిగాలి. నీళ్లు, టోపీలు, పెరుగన్నం కట్టుకోండి, ఆ ఎండ మామూలుది కాదు.

వాయిదా పడొచ్చని బయల్దేరకముందే పిల్లలకు చెప్పండి. మేము ఒకసారి పోయి, లేవకుండానే తిరిగొచ్చాం, చిన్నోడు ఏడుపు ఆపలేదు. అప్పుడు వాడికి మంగళయాన్ సంగతే చెప్పాను: దాన్ని అక్టోబర్ 28న పంపాలనుకున్నారు. రాకెట్ జాడ పట్టడానికి పసిఫిక్ సముద్రంలోకి పంపిన ఓడ వాతావరణం బాగాలేక సమయానికి చేరలేదు. దాంతో నవంబర్ 5కు మార్చారు. అంత పెద్ద రాకెట్ ఒక ఓడ కోసం ఆగింది. ఆ రోజు తిరుగు దారిలో పులికాట్ మధ్య రోడ్డు మీద బండి ఆపించాం. శీతాకాలం కావడంతో నీళ్లలో రాజహంసలు బారులు తీరి ఉన్నాయి. వాడు ఏడుపు మర్చిపోయి వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

మీరు పోయేది శీతాకాలమైతే బైనాక్యులర్ పెట్టుకోండి. పగలు హంసలకు, రాత్రి ఆ ఎర్ర చుక్కకు పనికొస్తుంది.